అట్లతద్ది పెద్ద ఊయలకి కొన్న తాడు, స్లింగులు, షాకిళ్ళు: రెండు పండుగలు వాడాక నా రివ్యూ

ఇది వరండాలో కట్టుకునే ఊయల గురించి కాదు. రాజోలు దగ్గర మా అత్తగారి ఊళ్ళో, ఇంటి వెనక దొడ్లో రెండు పెద్ద చింతచెట్లున్నాయి. వాటి మధ్య ఎడం 11 మీటర్లు, తాడు కట్టింది నేల నుంచి 10 మీటర్ల ఎత్తులో. దీనికి కావాల్సిన సామాను మొదట ఆన్‌లైన్‌లో తెప్పించాను, దెబ్బతిన్నాను, తర్వాత సికింద్రాబాద్ రాణిగంజ్ వెళ్ళి కొన్నాను. రెండు అట్లతద్దులు గడిచాయి కాబట్టి ఇప్పుడు రాస్తే ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను. తొందరలో ఉన్నవాళ్ళ కోసం ఒక్క మాట: డబ్బులు పీట మీద కాదు, పైన చెట్టుకి తగిలే సామాను మీద పెట్టండి, బరువు ఎంత మోస్తుందో ఒంటి మీద రాసి లేని ఇనుప ముక్కని మనుషులు కూర్చునే ఊయలకి తగిలించకండి.

ఇంత పట్టుదల ఎందుకంటే మూడేళ్ళ కిందట అదే ఊళ్ళో వేరేవాళ్ళ దొడ్లో ఊయల తెగి, మా ఆవిడ తరఫు అమ్మాయి ఒకరు పడ్డారు. మణికట్టు విరిగింది. నేను తర్వాత ఆ తాడు తీసి చూశాను, తెగింది ముడి దగ్గర కాదు, సీటు దగ్గరా కాదు, కొమ్మ మీద ఆనే చోట. తాడుని నేరుగా కొమ్మ మీంచి వేసి కట్టేశారు, ఊగిన ప్రతిసారీ అది రంపంలా ముందుకీ వెనక్కీ రాసుకుంది, రాపిడి వేడికి ప్లాస్టిక్ పోగులు కరిగి మెరుస్తున్నాయి. పైన 8 మీటర్ల ఎత్తులో ఇదంతా జరుగుతుంటే కిందనుంచి ఎవరికీ కనపడదు కదా. నేను పటాన్‌చెరులో ఒక ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ చూస్తాను, స్లింగులూ (బరువులెత్తే పట్టీలు) షాకిళ్ళూ (పిన్ను బిగించే యు ఆకారపు ఇనుప కొండీలు) రోజూ చేతిలో ఆడేవే, అలాంటిది నా కళ్ళముందు పిల్లలు ఎక్కే ఊయలని నేను ఒక్కసారి కూడా పైకి చూడలేదని ఆ రోజు చాలా బాధపడ్డాను. మరుసటి ఏడు మన దొడ్లోనే కడదాం, నేను దగ్గరుండి చూసుకుంటానని మా మామగారితో చెప్పాను.

ముందు ఆన్‌లైన్ కిట్ సంగతి. "పెద్దలకి, పిల్లలకి, ఎంత ఎత్తు చెట్టుకైనా" అని రాసి ఉంది, ఫొటోలు బాగున్నాయి. వచ్చిన డబ్బాలో చెక్క సీటు, నీలం రంగు తాడు, రెండు కొక్కేలు, రెండు పట్టీలు. సీటు నిజంగా బాగుంది, దానికి పేరు పెట్టను. తాడు మాత్రం నైలాన్ అని రాసి అమ్మారు, నాకు చేతికి తగలగానే అనుమానం వచ్చింది. ఒక చిన్న ముక్క కోసి బకెట్ నీళ్ళలో వేశాను, తేలింది. నైలాన్ నీళ్ళలో మునుగుతుంది, పాలిస్టర్ కూడా మునుగుతుంది, తేలేది పాలీప్రొపిలీన్ లాంటిది. ఈ పరీక్షకి రూపాయి ఖర్చు లేదు, తాడు కొన్న ప్రతివాళ్ళూ చెయ్యొచ్చు. పాలీప్రొపిలీన్ పనికిరాని వస్తువని కాదు, పశువులని కట్టడానికీ మూటలు కట్టడానికీ బ్రహ్మాండంగా పనికొస్తుంది, కానీ ఎండకి ఉంచితే త్వరగా పెళుసెక్కి పొట్టులా రాలుతుంది, రాపిడికి సుమారు 160 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. కొక్కేల మీద కంపెనీ గుర్తు లేదు, బరువు అంకె లేదు, డబ్బా మీద మాత్రం "500 కిలోలు" అని స్టిక్కర్. స్టిక్కర్ డబ్బాకి అంటించారు, కొక్కేనికి కాదు. వెనక్కి పంపాను, డబ్బులు రావడానికి నెల పైనే పట్టింది, ఫోన్ చేసిన ప్రతిసారీ కొత్తమనిషికి మొదట్నుంచీ చెప్పుకోవాల్సి వచ్చింది. ఒక్క స్టార్.

ఇక రాణిగంజ్. అక్కడ క్రేన్లకీ గోడౌన్లకీ లిఫ్టింగ్ సామాను అమ్మే షాపులు వరసగా ఉంటాయి, నేను వెళ్ళింది వాటిలో ఒక చిన్నది. కౌంటర్‌లో పెద్దాయన. "ఊయలకి కావాలండీ" అంటే నవ్వుతారేమో అనుకున్నాను, ఆయన నవ్వలేదు, ఎంతమంది ఎక్కుతారు, ఎంత ఎత్తు, చెట్టా ఇనుప స్తంభమా అని మూడు ప్రశ్నలడిగి, కాగితం మీద బొమ్మ గీయమన్నారు. నేను గీసిన బొమ్మలో రెండు చెట్ల మధ్య తాడు బిగుతుగా తీగలా ఉంది, దానికి నడిమధ్యలో ఊయల వేలాడుతోంది. ఆయన పెన్ను తీసుకుని ఆ అడ్డగీతని కొట్టేసి, కిందికి జారిన వి ఆకారం గీసి, "ఇంత సాగదీస్తే మనిషి బరువు ఎన్నిరెట్లవుద్దో తెలుసా బాబూ" అన్నారు. రోజూ ఫ్యాక్టరీలో స్లింగు కోణాల చార్టు గోడకి అంటించుకుని పని చేసే నేను, ఊయల దగ్గరికొచ్చేసరికి అదే మర్చిపోయాను. ఆ ఒక్క గీతకే ఆ షాపుకి ఐదు స్టార్లు ఇస్తాను.

ఆ లెక్క ఇక్కడ విడమర్చి చెప్తాను, ఎందుకంటే పెద్ద ఊయలల్లో ప్రమాదమంతా ఇక్కడే దాక్కుని ఉంటుంది. పెరట్లో బట్టలారేసే తీగ గుర్తుందా, ఎంత బిగించి కడితే అంత త్వరగా మేకు ఊడొస్తుంది, తడి చీర ఒక్కటి మధ్యలో వేస్తే చాలు. అదే ఇక్కడా. 11 మీటర్ల ఎడంలో తాడు నడుమ అర మీటరు మాత్రమే కిందికి దిగిందనుకోండి, మధ్యలో 100 కిలోలు వేలాడితే ఒక్కో వైపు తాడు మీద పడే లాగుడు దాదాపు 550 కిలోలు. అదే 3.2 మీటర్లు కిందికి దిగనిస్తే (అప్పుడు తాడు అడ్డానికి 30 డిగ్రీల వాలులో ఉంటుంది) ఒక్కో వైపు సరిగ్గా 100 కిలోలే. తాడు అదే, చెట్లు అవే, మనిషి అదే. పైగా ఊగే మనిషి కదలకుండా కూర్చోడు కదా, 60 డిగ్రీల దాకా లేపి వదిలితే కింద మధ్యకొచ్చే సరికి ఆ మనిషి బరువు తాడుకి రెట్టింపు తగులుతుంది. అంటే ఇద్దరు కలిసి 130 కిలోలుంటే 260 లెక్క వేసుకోవాలి. తీగలా బిగించి కట్టి ఉంటే ఒక్కో వైపు సుమారు ఒకటిన్నర టన్ను పడేది. తాడు ఓర్చుకున్నా చెట్టు ఓర్చుకోకపోవచ్చు.

తాడు 11 మి.మీ. స్టాటిక్ తాడు (పెద్దగా సాగనిది) తీసుకున్నాను, ఎత్తుల్లో పనిచేసేవాళ్ళు వాడేది, లోపల పోగులు, పైన అల్లిన తొడుగు, ఈఎన్ 1891 టైప్ ఎ (ఇలాంటి తాళ్ళకి యూరప్ స్టాండర్డ్) అని లేబుల్ ఉంది. ఆ స్టాండర్డ్ ప్రకారం తాడు కనీసం 22 కిలోన్యూటన్లు ఆగాలి, అంటే 2,200 కిలోల పైన. కానీ తాడు ఎప్పుడూ ముడితోనే వాడతాం, ముడి వేసిన చోట బలం తగ్గిపోతుంది, అందుకే అదే స్టాండర్డ్ ఎనిమిది అంకె ఆకారపు ముడి వేశాక 15 కిలోన్యూటన్లు ఆగితే చాలంటుంది, సుమారు 1,500 కిలోలు. నేను ఆ 1,500 నే లెక్కలోకి తీసుకున్నాను. మనుషులు ఎక్కేదానికి పదింతల బలం ఉండాలన్నది నా పట్టు, అందుకని చెట్ల వైపు వెళ్ళే వి ఆకారపు రెండు కాళ్ళూ రెండు పేటలు వేశాను, అవి కలిసే రింగు నుంచి పీటకి దిగేవి ఒక్కో పేట. మొత్తం 50 మీటర్లు కొన్నాను, మీటరు 110 రూపాయలు పడింది. అక్కడే డైనమిక్ తాడు కూడా ఉంది, రాక్ క్లైంబింగ్‌కి వాడేది, సాగుతుంది, ఊయలకి అది వద్దు, కూర్చోగానే పీట నేలకి ఆనుకుంటుంది. రెండేళ్ళలో ఈ తాడు మీద నాకు కనపడిన లోటు ఒక్కటే, కొత్తలో చాలా బిరుసు, ముడి బిగించడానికి ఇద్దరు కావాల్సొచ్చింది. అక్టోబరు వానలకి తడిసింది కూడా, నైలాన్ తడిస్తే బలం పది పదిహేను శాతం తగ్గుతుంది, ఎండాక మళ్ళీ వస్తుంది. కాబట్టి తడిగా ఉన్నరోజు ఒక్కొక్కరినే ఎక్కించాం.

చెట్టు చుట్టూ తాడు కట్టలేదు, రౌండ్ స్లింగులు వేశాం. ఇవి పాలిస్టర్‌వి, మెత్తగా వెడల్పుగా ఉంటాయి, రంగుని బట్టి ఎంత మోస్తాయో తెలుస్తుంది: ఊదా 1 టన్ను, ఆకుపచ్చ 2, పసుపు 3. నేను ఆకుపచ్చవి రెండు తీసుకున్నాను. చెట్టు బెరడు కింద ప్రాణం ఉన్న పొర ఒకటి ఉంటుంది, ఆకులు తయారుచేసే ఆహారం కిందికి దిగేది బెరడులోంచే, సన్న తాడుతో ఏళ్ళ తరబడి బిగించి ఉంచితే చెట్టు ఆ చోటే ఉరేసుకున్నట్టు అయిపోతుంది. వెడల్పు స్లింగు వేసి, దాని కింద పాత లారీ ట్యూబు ముక్క పెట్టి, పండుగ అవగానే విప్పేస్తే చెట్టుకి మచ్చ కూడా పడదు. షాకిళ్ళు అర అంగుళం బో షాకిళ్ళు, ఒంటి మీద 2 టన్నులని అచ్చు వేసి ఉంది. ఒక జాగ్రత్త: స్క్రూ పిన్ ఊగుడికి నెమ్మదిగా తిరిగి వదులవుతుంది, పిన్ కంట్లోంచి బైండింగ్ వైరు దూర్చి కట్టెయ్యాలి. మొదటి ఏడు ఒకదానికి కట్టడం మర్చిపోయాం, రెండోరోజు దించి చూస్తే ముప్పావు చుట్టు వదులై ఉంది. మూడు రోజులు చూడకపోయి ఉంటే ఏమయ్యేదో తల్చుకోవాలంటేనే టెన్షన్.

ఇప్పుడు చెట్ల గురించి, దింపు తీసే ఆయన గురించి. 10 మీటర్ల ఎత్తున కట్టడానికి ఊళ్ళో కొబ్బరి దింపు తీసే ఆయన్ని పిలిచాం. నాకు ముందు కొబ్బరిచెట్లకే కడదామని ఉండేది, వరసగా తిన్నగా ఉంటాయి కదా. ఆయన తల అడ్డంగా ఊపారు. "కొబ్బరిచెట్టు అడ్డంగా లాగితే వంగుద్దండీ, పైనుంచి కాయ రాలితే అమ్మాయిల తల మీదేనండీ. గాటు పడితే జన్మలో మానదండీ దానికి" అన్నారు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం, కొబ్బరికి మామిడీ చింతల్లా గాయం మీద కొత్త కలప పెరగదు, పడిన గాటు అలాగే ఉండిపోతుంది. మునగ గురించి మనందరికీ తెలిసిందే, ఎక్కించడం మాటల్లోనే బాగుంటుంది. నేరేడు కొమ్మ చూడ్డానికి లావుగానే ఉంటుంది, చెప్పకుండా ఫట్‌మని విరుగుతుంది. మామిడి అయితే పురుగు తొలిచి లోపల గుల్ల ఉందేమో చూడాలి. చింతకి వచ్చేసరికి ఆయన మొహం మారింది, సుత్తి తీసుకుని మొదలు చుట్టూ కొట్టి చెవి పెట్టి విన్నారు, మొదట్లో పుట్టగొడుగులు ఉన్నాయేమో చూశారు, కొమ్మలు చీలే చోట్లు చూశారు. రెండు కొమ్మలు ఇరుగ్గా వి లాగా చీలి మధ్యలో బెరడు నొక్కుకుపోయి ఉంటే ఆ చోటు బలహీనం, విశాలంగా యు లాగా చీలితే గట్టిది. యు లాంటి పంగ పైనే స్లింగు వేశారు, కిందికి జారే ప్రశ్నే లేదు.

ఆయన మోకుతోనే ఎక్కుతానన్నారు. నేను ఫ్యాక్టరీ నుంచి అడిగి తెచ్చిన హార్నెస్ (పడిపోకుండా ఒంటికి కట్టుకునే పట్టీలు) వేసుకుంటేనే పని, లేకపోతే వద్దన్నాను. "ఇరవయ్యేళ్ళ నుంచి ఎక్కుతున్నానండీ" అని కాసేపు నొచ్చుకున్నారు, మా మామగారు "అల్లుడుగారి మాట వినరా" అంటే వేసుకున్నారు. పైనుంచి దిగాక, "రెండు చేతులూ ఖాళీగా ఉన్నాయండీ, పని సుఖంగా ఉంది" అని ఆయనే అన్నారు. తెలంగాణలో 2024 నుంచి గీత కార్మికులకి కాటమయ్య రక్ష కిట్లు (చెట్టు మీంచి పడకుండా కాపాడే సామాను) ఇస్తున్నారు, అలాంటిది మన దింపు కార్మికులందరికీ అందాలని నాకు నిజంగా ఉంది. రోజుకి ఎన్ని చెట్లు ఎక్కుతారు వాళ్ళు. పనికి 1,500 అడిగారు, 2,000 ఇచ్చాం. ఐదు స్టార్లు కాదు, ఆయనకి అంకెలు సరిపోవు.

పీట ఊళ్ళో వడ్రంగి చేత టేకు చెక్కతో చేయించాం, అంగుళంన్నర మందం. తాడు పీట చిల్లుల్లో ముడేసి వదిలెయ్యకుండా పీట అడుగునుంచి చుట్టి పైకి వచ్చేలా పెట్టించాను, చెక్క చీలినా మనిషి తాడు మీద నిలుస్తారు.

కట్టేశాక ఎవరినీ ఎక్కనివ్వలేదు. 50 కిలోల సిమెంటు బస్తాలు ఆరు, అంటే 300 కిలోలు, పీట తీసేసి వేలాడదీసి ఒక రాత్రంతా వదిలేశాం. పొద్దున్న చూస్తే బస్తాలు జానెడు కిందికి దిగి ఉన్నాయి. ముడులు బిగుసుకుని, తాడు కాస్త సాగి అలా అవుతుంది, అది తప్పు కాదు, ఒకసారి దించి మళ్ళీ సరిచేసి కట్టుకోవాలి. ఈ పరీక్ష మాత్రం దయచేసి మానకండి. మనుషుల కంటే ముందు బస్తాలు ఎక్కాలి.

ఊగడం మొదలెట్టాక ఒక వింత గమనించాం. చెట్ల వరసకి అడ్డంగా ముందుకీ వెనక్కీ ఊగితే ఒక ఊపుకి ఆరు సెకన్ల పైన పడుతోంది. చెట్టువైపుకి, అంటే ఈ చెట్టు నుంచి ఆ చెట్టు దిక్కుకి ఊగితే ఐదే. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి పది ఊపులు లెక్కపెట్టాం, అంతే వచ్చింది. కారణం ఆ వి ఆకారమే. ముందుకీ వెనక్కీ ఊగేటప్పుడు వి తో సహా మొత్తం 9.4 మీటర్లూ కదులుతాయి, చెట్లవైపు ఊగేటప్పుడు వి కదలదు, వి కలిసే రింగు నుంచి కింద 6.2 మీటర్లే ఊగుతుంది. ఫిజిక్స్‌లో దీన్ని బ్లాక్‌బర్న్ లోలకం అంటారు. ఐమూలగా తోస్తే ఊయల తిన్నగా పోదు, చుట్టలు తిరుగుతూ మారిపోయే వంకర దారులు గీస్తుంది, చూడ్డానికి ఎంత అందంగా ఉంటుందో చెప్పలేను, కానీ అదే ప్రమాదం కూడా. చెట్టు మానుకీ పీటకీ మధ్య దూరం ఐదున్నర మీటర్లే, చెట్లవైపు గట్టిగా తోస్తే 60 డిగ్రీలకి మనిషి నేరుగా మాను దగ్గరికి వెళ్తారు. అందుకే తోసేవాళ్ళు సరిగ్గా వెనక నిలబడి తోయాలి, పక్కనుంచి కాదు. ఊయల వంకర తిరగడం మొదలైతే ఆపేసి మళ్ళీ మొదలుపెట్టాలి, ఇది మేం పెట్టుకున్న రూలు.

ఇంకో రూలు, 40 డిగ్రీలు దాటనివ్వం. ఇంత పొడుగు ఊయల 60 డిగ్రీలకి వెళ్తే మనిషి దాదాపు ఐదు మీటర్లు పైకి లేస్తారు, మధ్యకొచ్చేసరికి స్పీడు గంటకి 35 కి.మీ. దాకా ఉంటుంది, ఆ స్పీడులో పరిగెత్తుకుంటూ అడ్డొచ్చే చిన్నపిల్లని ఎవరూ ఆపలేరు. ముందూ వెనకా పది పది మీటర్లు సున్నంతో గీత గీశాం, గీత మీద కొబ్బరాకుల దడి కట్టాం, కింద రాళ్ళేరి ఎండుగడ్డి పరిచాం. గీతలు ఒక్కటే అయితే పిల్లలు ఆగరు, దడి ఉంటే ఆగుతారు.

అట్లతద్ది తెల్లవారుజామున నాలుగింటికే అమ్మాయిలు లేచి, గోంగూర పచ్చడితో పెరుగన్నంతో చద్ది తిని దొడ్లోకి వచ్చారు. టార్చి వెలుగులో ముందు నేనూ దింపు ఆయనా షాకిళ్ళు, ముడులు చూసి సరేనన్నాకే మొదలైంది. మూడేళ్ళ కిందట పడిన అమ్మాయి మొదట దూరంగా నిలబడి ఉంది, ఎవరూ బలవంతం చెయ్యలేదు. తెల్లారి వెలుతురొచ్చాక తనే వచ్చి పీట పట్టుకుని, పైకి చూసి, "అన్నయ్యా, అక్కడ ఏం కట్టారో చూపించు" అంది. ఫోన్‌లో పైన తీసిన ఫొటోలు చూపించాను, స్లింగు, ట్యూబు ముక్క, వైరు కట్టిన పిన్, ఒక్కొక్కటీ. అప్పుడు కూర్చుంది. మా అత్తయ్యగారికి 62, ఆవిడ పెళ్ళయ్యాక ఊయల ఎక్కలేదట, 11 అట్లు, 11 తాంబూలాలతో పాటు 11 ఊయలలు కూడా ఊగాలంటూ పీటెక్కారు, లెక్క తప్పిందని మళ్ళీ మొదట్నుంచి ఊగారు.

రెండేళ్ళ తర్వాత సామాను ఎలా ఉందంటే: తాడు బాగానే ఉంది, ప్రతి పండుగకి ముందు మొత్తం పొడుగునా వేళ్ళతో తడిమి చూస్తాను, ఎక్కడైనా మెత్తగా గుంటలా తగిలినా తొడుగు చిట్లినా ఆ ముక్క కోసి పారేయడమే. ఎలకలు కొరక్కుండా మూతున్న డ్రమ్ములో, ఇన్వర్టర్ బ్యాటరీకి దూరంగా పెడతాం, యాసిడ్ ఆవిరికి కూడా నైలాన్ పాడవుతుంది, అది కంటికి కనపడదు. షాకిళ్ళు కొత్తవాటిలాగే ఉన్నాయి. స్లింగుల్లో ఒకదాని లేబుల్ మీద అక్షరాలు చెరిగిపోయాయి, ఫ్యాక్టరీలో అయితే లేబుల్ చదవలేని స్లింగుని వాడనివ్వరు, ఇక్కడా అదే పాటిస్తాను. మళ్ళీ అట్లతద్దికి ముందు రాణిగంజ్ వెళ్ళి ఆ పెద్దాయన దగ్గర ఇంకో ఆకుపచ్చది తీసుకోవాలి, వెళ్ళేటప్పుడు ఊయల ఫొటో ఒకటి ప్రింటు తీసి పట్టుకెళ్తాను.